ఐదు పడవలూ వెనక్కి తిరిగిన రోజు

నేను సముద్రం మీద ఉద్యోగం చేసి పింఛను తీసుకుంటున్నానంటే మా తాలూకాలో ఇప్పటికీ సగం మంది నమ్మరు. వాళ్ళ తప్పేమీ లేదు. కర్ణాటకలో ఉంటూ తెలుగు మాట్లాడే మా పావగడ పక్క పుట్టినవాడికి నీళ్ళంటే ట్యాంకరు, చేపలంటే సంతకి ఐసుపెట్టెలో వచ్చేవి. నాగలమడిక దగ్గర ఉత్తర పినాకిని అని ఒక నది ఉంది గానీ, ఏడాదిలో ఎక్కువ భాగం దాన్ని చెప్పులు తడవకుండా దాటొచ్చు. అలాంటి చోట పుట్టి, తీరంలో గస్తీ తిరిగే పడవలకి రేడియో గదిలో కూర్చుని ఉద్యోగమంతా వెళ్ళబుచ్చాను. పడవ నడిపింది లేదు. ఈత కూడా అంతంత మాత్రమే. నా పనంతా చెవులతోనూ నోటితోనూ. పడవలు చెప్పేది వినడం, విన్నది పైవాళ్ళకి చెప్పడం.

కొత్తగా వాకీటాకీ చేతికొచ్చిన పిల్లలు కొందరు ఈ మధ్య నా దగ్గరికొచ్చి, రిపోర్టింగు నియమాలు ఎలా పెట్టాలి సార్ అని అడుగుతుంటారు. వాళ్ళకి నేను నియమాలు చెప్పను. మా మామ సంగతి చెబుతాను. ఆ నియమాలు రాసిన పెద్దలకి సముద్రం బాగా తెలుసు, తుపాను బాగా తెలుసు. మా మామే తెలియదు.

నేను రిటైరై ఊరికొచ్చేసరికి ఊరి చుట్టూ చేలన్నీ సోలార్ పలకల కిందికి పోయి ఉన్నాయి. శనక్కాయ వేసి మొగులు కమ్ముతుందా అని ఆకాశం కేసి చూసీ చూసీ విసిగిన జనం కౌలుకి భూములిచ్చేశారు. ఆ సోలార్ పార్కులో కాపలా చూసే ఏజెన్సీ ఒకటి, పేరెందుకులెండి, నన్ను కంట్రోల్ రూము ఇన్‌ఛార్జిగా పెట్టుకుంది. మేనేజరు బెంగళూరులో పుట్టి పెరిగిన కుర్రాడు. "కాపలావాళ్ళు ఎక్కడుంటారో ఎవరికీ తెలీదు. ఫోన్ చేస్తే అందరూ ఇక్కడే ఉన్నామంటారు. కేబుళ్ళు మాత్రం పోతూనే ఉంటాయి. మీ సముద్రం పద్ధతి ఇక్కడ పెట్టండి సార్" అని కన్నడంలో అన్నాడు. నేను చంకలు గుద్దుకున్నాను. రిటైరయ్యాక పాత విద్యని వాడమని అడిగేవాళ్ళు ఎంతమందికి దొరుకుతారు చెప్పండి.

పద్ధతి చాలా చిన్నది. బయల్దేరే పడవ నాలుగు ముక్కలు చెప్పాలి. ఎవరు, ఎక్కడికి, ఏ దారిన, ఎప్పటికి తిరిగొస్తారు. చెప్పిన వేళకి గొంతు వినబడకపోతే బద్ధకం అనుకోకూడదు, ఆపద అనుకుని వెదకాలి. ఇందులో నేను పట్టుదలగా ఉండడానికి కారణం ఉంది. ఒకసారి మా చిన్న గస్తీ పడవ ఇంజను చెడి, రేడియో తడిసి, నోరు లేకుండా కొట్టుకుపోయింది. అందులో ముగ్గురున్నారు. ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగకి ఉత్తరంగా పోతున్నామని బయల్దేరేముందు ఒక మాట చెప్పారు కాబట్టి ఉత్తరంగా వెదికాం, మధ్యాహ్నానికి దొరికారు. ఆ ముక్క చెప్పకపోయుంటే దక్షిణంగా వెదికేవాళ్ళం. సోలార్ పార్కులో అలలు లేవు నిజమే. కానీ ఎండాకాలంలో ఏ వరసలో నిలబడినా ఒకే మాదిరి కనబడే ఆ పలకల మధ్య మనిషి కళ్ళు తిరిగి పడిపోతే, ఎక్కడ పడ్డాడో తెలియకపోవడం రెండుచోట్లా ఒకటే.

గస్తీకి ఐదు మోటారు సైకిళ్ళు. ఒక్కోదాని మీద ఒక్కో మనిషి. అలవాటు కొద్దీ నేను వాటిని ఒకటో పడవ, రెండో పడవ అని పిలిచాను. మొదట అందరూ నవ్వారు. కొన్నాళ్ళకి వాళ్ళే "సార్, రెండో పడవకు పంచరైండాది" అని చెప్పడం మొదలుపెట్టారు. హోటలు దగ్గర నాకు కెప్టెన్ అని పేరు కూడా పడింది. కాదనడం ఎందుకని ఊరుకున్నాను.

మూడో పడవ మీద ఉన్నాయన ఊరి వరసకి నాకు మామ. నాకంటే కొన్నేళ్ళు పెద్ద. వయసులో ఉండగా గొర్రెల్ని తోలుకుని ఈ మట్టినంతా కాలితో కొలిచినవాడు. మేత భూములకి కంచె పడ్డాక గొర్రెల్ని అమ్మేసి ఈ ఉద్యోగంలో చేరాడు. రేడియో మర్యాద ఆయనకి చచ్చినా అంటలేదు.

"అల్లుడా, అల్లుడా, నేను మామను. ఇన్పడతాండాదా?"

"మామా, అల్లుడా అనకూడదు. బేస్ అనాలి."

"బేసులో కూచ్చునుండేది నువ్వే గదా అల్లుడా!"

పద్ధతి మొదలుపెట్టిన రోజు నాలుగు ముక్కల్లో రెండో ముక్క దగ్గరే మా పడవ బోల్తా కొట్టింది. మామ బండి గేటు దాటబోతుంటే నేను మైకులో "మూడో పడవ, ఎక్కడికి?" అన్నాను. బండి ఆగింది. తిరిగింది. మామ స్టాండు వేసి, లోపలికొచ్చి, బెంచీ మీద కూర్చుని, క్యానులోంచి ఒక గ్లాసు నీళ్ళు వంచుకుని నిదానంగా తాగాడు.

"ఏమైంది మామా, బండి చెడిందా?"

"బండికేమి, బాగుండాది. పోతావుంటే యాడికని అడిగితివి గదా. కాసేపు కూచ్చోని పోతా."

నాకు అప్పుడు గుర్తొచ్చింది, బయల్దేరిన మనిషిని ఎక్కడికి అని అడక్కూడదని. అడిగితే పోయిన పని కాదు, మనిషికి కూడా మంచిది కాదు. చిన్నప్పుడు నేనూ ఈ విషయంలో వీపు మీద దెబ్బలు తిన్నాను. సముద్రం ఉప్పుగాలికి అదంతా కొట్టుకుపోయింది. సరే, ఇది ఉద్యోగం, అలవాటు చేసుకుంటాడులే అనుకుని, ఆయన మళ్ళీ బయల్దేరగానే మళ్ళీ అడిగాను. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. నేను అడగడం, ఆయన రావడం, నీళ్ళు తాగడం. ఆ పూటకి మామ గేటు దాటలేదు. క్యాను మాత్రం ఖాళీ అయింది.

మిగతా నలుగురూ కుర్రవాళ్ళు. "అట్లాంటివి మేము నమ్మం సార్" అన్నారు గొప్పగా. నమ్మని ఆ వీరులు ఏం చేసేవారంటే, నేను నోరు తెరిచేలోపు వాకీటాకీ ఆపేసి బండి పరిగెత్తించేవారు. పద్ధతి పెట్టకముందు ఫోన్ చేస్తే ఇక్కడే ఉన్నామన్న మాటైనా వినబడేది. పెట్టాక ఆ మాట కూడా వినబడకుండా పోయింది.

మేనేజరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. అతనికీ వాళ్ళమ్మ చిన్నప్పుడు ఈ మాట చెప్పే ఉంటుంది, ఇతను చెవిన పెట్టి ఉండడు. కుర్రవాళ్ళని ఏమీ అనలేక మామ మీద పడ్డాడు. "ఆ ముసలాయన ఇంకొక్కసారి గేటు దగ్గర్నించి వెనక్కి వస్తే ఆయన్ని బెంగళూరు పంపిస్తాను. అక్కడ అపార్టుమెంట్ గేటు దగ్గర మా ఏజెన్సీకి మనుషులు కావాలి. పోనంటే ఇంటికి" అన్నాడు.

ఈ మాట విన్న మామ ముఖం చూడలేకపోయాను. మా ఊరివాళ్ళు చాలామంది బెంగళూరులో అలాంటి గేట్ల దగ్గరే ఉన్నారు. పోయి చూసొచ్చినవాడే ఆయన.

"ఆడ స్టూలు మీద కూచోబెడతారు అల్లుడా. దినమంతా లేయకూడదంట. కారు వస్తే గేటు తీయాల, పోతే మూయాల. నడక లేకుండా నేనెట్ల బతికేది? ఊరకే కూచ్చుంటే నా కాళ్ళు ఊరకుంటాయా?"

నాకు మైకు ముందు కూర్చోవడమే జీవితం. ఆయనకి కూర్చోవడమే చావు. ఆ రోజు నిజంగా నా మీద నాకే చిరాకేసింది. ఆయన్ని కాపాడాలంటే ఎక్కడికని అడక్కూడదు. అడక్కపోతే ఏదో ఒక ఎండపూట ఎవరో ఒకరు పలకల మధ్య పడిపోతే నేను దిక్కులు చూడాలి.

ఇంట్లో ముద్ద తింటూ మా ఆవిడ దగ్గర ఏకరువు పెట్టాను. ఆవిడ చారు పోస్తూ నా వైపు జాలిగా చూసింది.

"నువ్వు సెలవు అయిపోయి సముద్రానికి పోతావుంటే, ఒక్కదినమన్నా యాడికి పోతావని వాకిట్లో అడిగినానా?"

"లేదు."

"మరి నువ్వు ఏ ఊర్లో దిగేది, ఎన్నాళ్ళకి వచ్చేది నాకెట్ల తెలిసేది?"

నిజమే. ప్రతిసారీ అన్నం పెడుతూ, నేను కూర్చుని ఉండగానే అంతా కనుక్కునేది. లేచాక ఒక్క మాట ఉండేది కాదు. అన్నేళ్ళు రేడియో గదిలో ఉన్నాను గానీ, మా ఇంట్లో నడిచిన రిపోర్టింగు పద్ధతిని నేను గమనించనే లేదు.

మర్నాటి నుంచి తొలి రిపోర్టు బెంచీ మీదే. టీ గ్లాసు చేతిలో ఉండగానే ఒక్కొక్కరూ నాలుగు ముక్కలూ చెప్పేయాలి. లేచారంటే ఇక నా నోటికి తాళం. వాళ్ళే "పోయొస్తాం" అని వెళ్ళేవారు. మామ ఎంత వివరంగా చెప్పేవాడంటే, ఏ మలుపు దగ్గర బీడీ కాలుస్తాడో కూడా వచ్చేసేది. ఆ ఎండాకాలంలోనే నాలుగో పడవ గొలుసు తెగి, వాకీటాకీలో చార్జింగ్ అయిపోయి, దూరం బ్లాకులో చిక్కుకుపోయింది. వేళకి గొంతు రాలేదు. బెంచీ మీద చెప్పిన చోటికే నేరుగా పోయి, ఎండదెబ్బ తగలకముందే కుర్రవాణ్ణి తీసుకొచ్చాం. ఆ తర్వాత నమ్మని వీరులు కూడా టీ వేళకి ముందే బెంచీ మీద చోటు పట్టుకునేవారు.

అంతా బాగుందనుకుంటుండగా బెంగళూరు నుంచి పెద్ద సాహేబు వస్తున్నాడని కబురొచ్చింది. ఏజెన్సీకి ఆయనే పై మనిషి. మా పద్ధతి చూస్తాడట. మేనేజరు నన్ను పక్కకి పిలిచి, "సాహేబుకి తెలుగు రాదు. మీరే కన్నడంలో మాట్లాడండి. ఆ ముసలాయన బండి, మూడో యూనిట్, గేటు దగ్గర్నించి వెనక్కి వచ్చిందంటే మాత్రం నేను చెప్పిన మాట చెప్పినట్టే" అన్నాడు. ఇస్త్రీ చొక్కాలు, కొత్త టోపీలు, బెంచీకి రంగు. రంగు ఆరకముందే మామ కూర్చుని, వెనకంతా నీలం చేసుకున్నాడు.

సాహేబు వచ్చే వేళకి అందరూ కూర్చుని రిపోర్టులు చెప్పేసి, పోయొస్తామని గస్తీకి వెళ్ళిపోయారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. సాహేబు పొడుగు మనిషి, నెరిసిన మీసం, మాట తక్కువ. తెర మీద, గేటు దగ్గరున్న కెమెరాల్లో ఐదు బండ్లూ ఐదు దిక్కులకి పోతుండడం చూసి తల ఊపాడు. నా కుర్చీలో కూర్చున్నాడు. నేను వద్దనేలోపే మైకు అందుకుని, ఐదుగురికీ ఒక్కసారే వినబడేలా కన్నడంలో అడిగేశాడు.

"ఎల్లిగె హోగ్తా ఇద్దీరి?"

ఎక్కడికి పోతున్నారు అని.

రేడియోలో ఒక క్షణం గరగర. తర్వాత మామ గొంతు.

"అల్లుడా, ఎవురప్పా అది? బయల్దేరినాక యాడికని అడుగుతాండాడు. వాని నోట్లో మన్ను పడ!"

తెర మీద మూడో బండి ఆగింది, తిరిగింది. దాని వెనకే ఒకటోది. తర్వాత ఐదోది, రెండోది. అన్నిటికంటే ఆఖర్న, ఇలాంటివి తను అస్సలు నమ్మనని అందరికంటే గట్టిగా చెప్పిన నాలుగోది. ఐదుగురూ వరసగా లోపలికొచ్చి, బెంచీ మీద ఇరుక్కుని కూర్చుని, ఒకే గ్లాసుతో ఒకరి తర్వాత ఒకరు నీళ్ళు తాగారు. సాహేబుని చూశాక గాని మామకి సంగతి అర్థం కాలేదు. గ్లాసు గబగబా కింద పెట్టేశాడు.

"ఏమిటిది?" అన్నాడు సాహేబు కన్నడంలోనే.

మేనేజరు ముఖం మాడిపోయింది. నేను అటెన్షన్‌లో నిలబడ్డాను.

"సార్, సముద్రం మీద ఒక నియమం ఉంది. కొత్త గొంతు మైకులోకి వస్తే, బేస్ పరాయివాళ్ళ చేతిలో పడిందేమోనని అన్ని పడవలూ వెనక్కి రావాలి. మీ గొంతు వీళ్ళకి కొత్త."

అలాంటి నియమం నిజంగా ఉందా అని మీరు అడగొచ్చు. ఉండి తీరాలని ఆ క్షణంలో నాకు బలంగా అనిపించింది.

"నీళ్ళెందుకు?"

"మళ్ళీ పంపేముందు ఇంధనం నింపాలి సార్."

"కూర్చోవడం?"

నేను తడుముకునేలోపు మామే అందుకున్నాడు. "నిలబడి తాగితే మోకాళ్ళకు దిగుతాయి సార్."

సాహేబు మామ వైపు తిరిగి, నువ్వు చెప్పు, ఎందుకు వెనక్కి వచ్చావు అని కన్నడంలో అడిగాడు. మామకి కన్నడం బాగానే వచ్చు. కానీ భయమేస్తే ఆయన నోట తెలుగు తప్ప రాదు.

"నాకు అబద్ధం చెప్పేది చేతకాదు సార్. పోయేటప్పుడు యాడికని అడిగితే మాకు అచ్చిరాదు. అందుకే వచ్చినా. ఉద్యోగం తీసేస్తే తీసేయండి, ఇంటికి పోతా. బెంగళూరులో స్టూలు మీద మాత్రం కూచ్చోను. మా అల్లుడిని ఏమీ అనొద్దండి, వానిదేమీ తప్పు లేదు."

సాహేబు నా వైపు చూశాడు. నేను కన్నడంలోకి మార్చాను.

"కొత్త గొంతు వినబడగానే నియమం ప్రకారం వచ్చేశానంటున్నాడు సార్. ఈ పనంటే తనకి ప్రాణమంటున్నాడు."

"చాలా పొడుగ్గా చెప్పాడే."

"తెలుగు కొంచెం పొడుగు సార్."

పనంటే ప్రాణమన్న మాట మాత్రం నిజమే కదా. సాహేబు ఇంకేమీ అడగలేదు. లేచి, టోపీ పెట్టుకుని, కారు వైపు నడిచాడు. మేనేజరుకి తెలుగు సగమే వచ్చు, ఆ సగం చాలింది. నా పక్కనుంచి పోతూ "రేపటినుంచి ఆయన రానక్కర్లేదు. మీ సంగతి తర్వాత" అని పళ్ళు కొరికాడు. బెంచీ మీద మామ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ టోపీ ఎవరికి అప్పగించాలా అన్నట్టు అటూ ఇటూ చూశాడు.

బయట కారు తలుపు తీశారు. సాహేబు ఒక కాలు లోపల పెట్టాడు. మేనేజరు పరిగెత్తుకుంటూ పోయి, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా అడిగాడు.

"ఎల్లిగె సార్? డైరెక్ట్ బెంగళూరా?"

సాహేబు కాలు వెనక్కి తీసుకున్నాడు. కారు తలుపు తనే వేశాడు. మెల్లగా నడుచుకుంటూ మళ్ళీ లోపలికొచ్చాడు. ఐదుగురూ లేవబోతే చేత్తోనే కూర్చోమన్నాడు. వాళ్ళు ఇంకాస్త ఇరుక్కుంటే, ఆ నీలం బెంచీ చివర మామ పక్కనే కూర్చున్నాడు. అప్పుడు తెలుగులో, అచ్చం మా పక్క తెలుగులో అన్నాడు.

"మన్ను వద్దుగాని పెద్దాయనా, నోట్లోకి ఇన్ని నీళ్ళు పొయ్యి."

నా అనువాదాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి చెవులు కాలాయి. మామ గ్లాసు కడిగి నిండా నీళ్ళిచ్చాడు. సాహేబు గ్లాసు ఎత్తి పోసుకోకుండా, నిదానంగా, కూర్చునే తాగాడు. గుమ్మంలో కొయ్యబారిపోయిన మేనేజరుతో కన్నడంలో, "మూడో యూనిట్‌ని కదిలించాలనుకుంటే ముందు నాకు ఫోన్ చెయ్యి. నేను లేచి నిలబడి ఉన్నప్పుడు మాత్రం చెయ్యొద్దు" అన్నాడు.

మామ టోపీ తిరిగి తలకి పెట్టుకున్నాడు. సాహేబుని కింద నుంచి మీద దాకా చూసి, సందేహం లేకుండా అడిగాడు.

"కూచ్చునే ఉండారు గదా సార్. ఇప్పుడు అడగొచ్చు. యాడికి?"

"పావగడ మీదుగా మంగళవాడకు. ఆడ మా అమ్మ ఉండాది, చూసి బెంగళూరుకు. రాత్రి అన్నం వేళకి ఇంట్లో ఉంటా."

ఎవరు, ఎక్కడికి, ఏ దారిన, ఎప్పటికి. ఉద్యోగమంతా పడవల నుంచి అంత శుభ్రమైన రిపోర్టు నాకు రాలేదు. సాహేబు లేచాడు. ఆయన గుమ్మం దాటుతుంటే మామ నా మైకు లాక్కుని, గేటు దగ్గరివాళ్ళందరికీ వినబడేలా చెప్పాడు.

"అల్లుడా, ఆరో పడవ బయల్దేరతాండాది. ఎవురూ ఏమీ అడగొద్దండప్పా."